ఎనిమిదింటి ఏడుపు

మా ఇంటి ఓనరుగారు లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగంలో ముప్ఫై మూడేళ్ళు ఉండి రిటైరయ్యారు. కింద వాటాలో నేనూ మా అమ్మాయీ, పైన ఆయన ఒక్కరూ ఉంటాం. మాతో ఏదైనా మాట్లాడవలసి వస్తే ఆయన కాగితం మీద రాసి, మెట్లు దిగి వచ్చి, మా తలుపు కింద నుంచి లోపలికి తోసి, మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోతారు. ఎలాగూ దిగి వచ్చిన మనిషి తలుపు తట్టి ఆ ముక్కేదో నోటితో చెప్పవచ్చు కదా అని మా అమ్మాయి నవ్వేది. నోటిమాటకు సంతకం ఉండదని ఆయన ఉద్దేశం.

ఆ గురువారం మధ్యాహ్నం వచ్చిన కాగితం నా కంట పడింది. పిల్లలు నిద్రపోతున్నారు. నేను కూడబలుక్కుని చదివే మనిషిని కనుక రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా అందులో అదే ఉంది.

"మీరు కోరిన సమ్మతి పత్రం గురించి. రోజూ ఉదయం ఎనిమిది గంటలకు పిల్లలు ఏడుస్తున్నారు. గేటు గడియ వరసగా మోగుతున్నది. మెట్లకు అడ్డం లేదు. రేపు ఏదైనా జరిగితే అనుమతి ఇచ్చినది ఎవరని నన్నే అడుగుతారు. కావున సంతకం చేయలేను. చెప్పుకోవలసినది ఉంటే ఆదివారం పది గంటలకు పైకి రాగలరు."

కాగితం మడిచి బొడ్డులో దోపుకుని పడుకున్న తలలు లెక్కపెట్టాను. ఆరు. భయం వేస్తే నేను తలలు లెక్కపెడతాను. భయం వేయకపోయినా లెక్కపెడతాను. "నువ్వు లెక్కపెట్టీ పెట్టీ పిల్లలు అరిగిపోతారు" అంటుంది మా అమ్మాయి.

మా అమ్మాయి పన్నెండేళ్ళు ఒక చిన్నపిల్లల బడిలో ఆయాగా చేసింది. ఆ బడి మూతపడ్డాక, పక్కవీధి టీచరమ్మ తన పదినెలల పిల్లను మా దగ్గర వదలడం మొదలుపెట్టింది. అదే చంటిది. దాని వెనక బస్సు డ్రైవరు గారి కవలలు వచ్చారు. తరువాత రొట్టెల దుకాణం ఆవిడ కొడుకు గుమ్మడి, టైలరు కూతురు 'ఎందుకు', చివరగా పిచ్చుక. 'ఎందుకు' అసలు పేరు ఏదో ఉంది కానీ, నాలుగేళ్ళ ఆ పిల్ల నోట ఇంకో మాట వినపడదు. పిచ్చుకకు మూడేళ్ళు. వాళ్ళమ్మ ఆసుపత్రి ల్యాబులో రక్తం పరీక్షలు చేస్తుంది.

ముగ్గురు పిల్లలున్నంత కాలం ఎవరూ ఏమీ అనలేదు. ఆరుగురు అయ్యాక మునిసిపాలిటీ ఆఫీసు నుంచి మనిషి వచ్చి, రిజిస్టరు చేయించుకోవాలనీ, దానికి ఇంటి యజమాని సంతకం కావాలనీ, నెలాఖరు దాటితే పిల్లలను పంపేయవలసిందేననీ చెప్పి వెళ్ళాడు. పిల్లలు వెళ్ళిపోతే మేము ఈ వాటాలో ఉండలేం. ఇది నేను కాపురం ఉన్న పదకొండో ఇల్లు. పది ఇళ్ళు ఖాళీ చేశాక మనిషికి గోడలకు మేకు కొట్టాలంటేనే చెయ్యి రాదు. ఈ ఇంట్లో కొట్టాను. పిల్లల సంచులు తగిలించడానికి ఆరు మేకులు.

ఇక ఆ ఏడుపు సంగతి. దానికి కారణం నేనే.

పిల్లలను వదిలే చోట్ల అందరూ చేసేది ఒకటే. పిల్ల చేతికి బొమ్మ ఇచ్చి దృష్టి మరల్చడం, తల్లి వెనకనుంచి మెల్లగా జారుకోవడం. మా అమ్మాయి బడిలో నేర్చుకున్నదీ అదే. నేను వద్దన్నాను. మా ఇంటికి వచ్చిన తల్లి అయినా తండ్రి అయినా గేటు దగ్గర పిల్ల ఎదురుగా కూర్చుని, మొహంలో మొహం పెట్టి, "వెళ్ళొస్తాను, సాయంత్రం వస్తాను" అని చెప్పాలి. పిల్ల "వెళ్ళిరా" అనాలి. ఏడుస్తూ అన్నా సరే. ఆ తరువాత పిల్లే తన చేత్తో గేటు గడియ వేయాలి, నేను చెయ్యి సాయం పడతాను. అది పాతకాలపు ఇనుప గడియ. పడితే వీధి చివరికి వినపడుతుంది. చంటిది కూడా నా చంకలోంచి వంగి దాని మీద ఒక చెయ్యి వేస్తుంది. అందరూ ఎనిమిదింటికే పనులకు పోయేవాళ్ళు కాబట్టి ఏడుపులన్నీ ఒక్కసారే లేస్తాయి. ఒకడు ఆపబోతుంటే ఇంకొకడు అందుకుంటాడు. పైన ఓనరుగారి పడకగది కిటికీ సరిగ్గా గేటు మీదే.

నాకు ఐదేళ్ళప్పుడు మా అమ్మ నన్ను మా పెద్దమ్మ ఇంట్లో దింపింది. "పెరట్లోకి వెళ్ళి చెంబు కడిగి తీసుకురా" అంది పెద్దమ్మ. కడిగి తెచ్చేసరికి అమ్మ లేదు. పదకొండు నెలలకు వచ్చింది. వచ్చిన మాట నిజమే. కానీ అప్పటికే నాకు ఏ పని చేస్తున్నా వాకిలి వైపు చూసే అలవాటు పడిపోయింది. డెబ్భై ఒకటి వచ్చినా అది పోలేదు. నా దగ్గర పెరిగే పిల్లకు అది అంటకూడదనుకున్నాను. అంతే.

ఆదివారం పదికి మేమిద్దరం పైకి వెళ్ళాం. ఓనరుగారు బల్ల మీద కాగితాలు, కళ్ళజోడు, పెన్ను వరసగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"కూర్చోండి అక్కగారూ."

"మీరు కూర్చోండి అన్నయ్యగారూ."

మా ఇద్దరికీ ఇది మొదటినుంచీ ఉన్న తగాదా. ఆయన నన్ను అక్కను చేస్తారు, నేను ఆయనను అన్నను చేస్తాను. ఎవరు పెద్దో ఇద్దరం ఎప్పుడూ వయసు చెప్పుకోలేదు, చెప్పుకోం కూడా.

మా అమ్మాయి ముందుగానే అన్నీ అనుకుని వచ్చింది. "బాబాయిగారూ, ప్లగ్గులన్నిటికీ మూతలు పెట్టించాను. వంటగదికి అడ్డంగా చిన్న తలుపు ఉంది. పిల్లలకు పై మెట్లతో పనే లేదు. మీరు చెబితే మెట్లకూ అడ్డం పెట్టిస్తాం."

"అడ్డం అంటే?"

"చెక్క."

"ఎంత ఎత్తు?"

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను చెయ్యి పెట్టి చూపించాను, ఇంత అని.

"ఇంత అంటే కొలత కాదు కదా అక్కగారూ." ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. "చూడండి. మీమీద నాకు కోపం ఏమీ లేదు. మూడేళ్ళ నుంచి ఉంటున్నారు, గోడ మీద గీత కూడా పడలేదు. కానీ ఒక మాట. నా ఉద్యోగంలో ఎక్కడైనా ప్రమాదం జరిగితే ముందు అడిగేది ఎలా జరిగిందని కాదు. సంతకం ఎవరిది అని. నా సంతకం ఉన్న లిఫ్టు ముప్ఫై మూడేళ్ళలో ఒక్కటి పడలేదు. ఇప్పుడు పిల్లల దగ్గర పడాలా?"

"పిల్లలు లిఫ్టులు కాదు కదండీ" అన్నాను.

"అదే నా భయం. లిఫ్టుకైతే మీట ఉంటుంది. నొక్కితే ఆగుతుంది. ఆ గుండ్రంగా ఉంటాడే, వాడికి ఎక్కడుంది?"

మా అమ్మాయి నవ్వేసింది. ఆయన నవ్వలేదు. కానీ గుమ్మడిని గమనించారని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"అసలు ఆ ఏడుపు ఏమిటండీ?" అన్నారు. "నేను ఎనిమిదింటికి టీవీలో వార్తలు వింటాను. వార్తలు చదివేవాడు నోరు ఆడిస్తుంటాడు, ఏడుపు మాత్రం కింద నుంచి వస్తుంది. కొడుతున్నారా అని ఎదురింటివాళ్ళు అడిగారు నన్ను."

"అయ్యో, మేమా!" అన్నాను.

"నాకు తెలుసు. వాళ్ళకు తెలియదు కదా. సరే, మంగళవారం ఎనిమిదింటికి నేనే కిందికి వచ్చి ఒక గంట కూర్చుంటాను. గొడవ లేకుండా జరుగుతుంటే అక్కడే సంతకం పెట్టేస్తాను. లేకపోతే మీరు ఇంకో ఇల్లు చూసుకోండి. నన్ను తప్పుగా అనుకోవద్దు."

మెట్లు దిగుతున్నప్పుడే మా అమ్మాయి ఏం అడగబోతోందో నాకు తెలిసిపోయింది. సోమవారం సాయంత్రం పిల్లలందరూ వెళ్ళాక అడిగింది.

"అమ్మా, రేపు ఒక్కరోజు."

"వద్దు."

"నేనింకా ఏమీ అనలేదు."

"అనబోయేది నాకు తెలుసు."

"ఒక్కటంటే ఒక్కరోజు. కొత్త బొమ్మలు చూపించి లోపలికి తీసుకెళ్ళిపోతాం. వాళ్ళు మెల్లగా వెళ్ళిపోతారు. పిల్లలు పది నిమిషాల్లో మర్చిపోతారు."

"పిల్లలు మర్చిపోరు. మనం మర్చిపోతాం."

"సరే, నువ్వు చెప్పిందే రైటు. రేపు అందరూ బుద్ధిగా ఏడుస్తారు, ఆయన లేచి పైకి వెళ్ళిపోతారు. మనం మేకులు పీక్కుని పన్నెండో ఇల్లు వెతుక్కుందాం. అప్పుడు ఆరుగురికీ ఏం చెబుతావు? వెళ్ళొస్తామని చెబుతావా? వస్తామా మనం?"

ఒక రోజు చిన్న అబద్ధానికి, ఆరుగురినీ వదిలి పోవడానికి మధ్య ఏది ఎక్కువో తూచుకోవడానికి నాకు చాతకాలేదు. "నీ ఇష్టం" అన్నాను. నా నోట ఆ మాట వచ్చిందంటే ఒప్పుకున్నట్టే.

మా అమ్మాయి అందరికీ ఫోన్లు చేసింది. గుమ్మం దాటి లోపలికి రావద్దనీ, పిల్ల చూడకుండా వెళ్ళిపొమ్మనీ, గేటు చప్పుడు చేయకుండా దగ్గరికి నెట్టి వెళ్ళమనీ చెప్పింది. నలుగురు సరే అన్నారు. పిచ్చుక వాళ్ళమ్మ మాత్రం, "రోజూ చెప్పే వెళ్ళమంటారు కదా అమ్మమ్మగారు" అందట.

మంగళవారం ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా ఓనరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాల అట్ట చంకలో పెట్టుకుని వచ్చారు. ముందుగదిలో గోడవారగా కుర్చీ వేశాం. గది మధ్యలో పెద్ద తొట్టినిండా నీళ్ళు పోసి, మా అమ్మాయి సీసా మూతలతో పడవలు చేసి వదిలింది. వచ్చిన పిల్ల వచ్చినట్టే తొట్టి చుట్టూ చేరింది. కవలలు ఒకే పడవ కోసం పోట్లాడుకున్నారు కానీ గొంతులు లేవలేదు. గేటు దగ్గర ఒక్కొక్కరూ దొంగల్లా వచ్చి దొంగల్లా వెళ్ళారు. చంటిదాన్ని ఎత్తుకుని నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పిచ్చుక వాళ్ళమ్మ వెళుతూ వెళుతూ రెండుసార్లు వెనక్కి చూసింది. నేను వెళ్ళండి అన్నట్టు చెయ్యి ఊపాను.

ఎనిమిదింబావు అయింది. ఒక్క ఏడుపు లేదు.

"ఇది మన కింద వాటాయేనా?" అన్నారు ఓనరుగారు.

"అలవాటు పడుతున్నారు బాబాయిగారూ" అంది మా అమ్మాయి. దాని గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆయన ఇల్లంతా తిరిగారు. ప్లగ్గుల మూతలు గోటితో లాగి చూశారు. వంటగది అడ్డం తలుపు తీసి వేసి, తీసి వేసి, తలాడించారు. తిరిగి వచ్చి కూర్చుని సమ్మతి పత్రం తీశారు. పెన్ను మూత విప్పి, సంతకానికి ముందు మరొక్కసారి మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు. ఆయన చదివితే వేలు పెట్టి చదువుతారు. నేనూ అంతే కనుక నాకు ఓపిక ఉంది.

'ఎందుకు' నా కొంగు పట్టుకుంది. "అమ్మమ్మా, మా నాన్న వెళ్ళిపోయాడా?"

"వెళ్ళాడు తల్లీ."

"నాకు చెప్పలేదు. ఎందుకు?"

నేను తలలు లెక్కపెట్టాను. ఐదు.

చంటిదాన్ని లెక్కపెట్టలేదేమో అనుకున్నాను. పెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ముందు తొట్టిలోకి చూశాను. తొట్టిలో మూతలు తిరుగుతున్నాయి. బల్ల కింద చూశాను. స్నానాలగది తలుపు బయట గడియ పెట్టే ఉంది. గోడకు ఆరు మేకులు, ఐదు సంచులు.

"పిచ్చుక ఏదే?" అన్నాను.

మా అమ్మాయి వంటగదిలోకి తొంగి చూసింది. ఓనరుగారు కాగితంలోంచి తల ఎత్తి, లేచి బయటికి నడిచారు. గేటు ఒక మనిషి పట్టేంత తెరిచి ఉంది.

చంటిదాన్ని మా అమ్మాయి చేతుల్లో పెట్టి నేనూ పరుగెత్తాను. దాన్ని పరుగు అనవచ్చో లేదో నాకు తెలియదు. వీధిలోకి వచ్చి కుడివైపా ఎడమవైపా అని నిలబడిపోయాను. ఎడమవైపు వెళితే పెద్దరోడ్డు. ఓనరుగారు అటే వెళ్ళారు. చెప్పులు లేకుండా వెళ్ళారని ఆయన మడమలు చూసి తెలిసింది. ఒక పాల బండి వెళ్ళింది. వెనకే స్కూటరు. నాకు కళ్ళు కనిపిస్తున్నాయి కానీ ఏమి చూస్తున్నానో తెలియడం లేదు.

నేను కుడివైపు నడిచాను. అటు వీధి మలుపులో ఇస్త్రీ దుకాణం ఉంది. ఆ దుకాణం గట్టు మీద, మడతపెట్టిన దుప్పట్ల పక్కన, పిచ్చుక కూర్చుని ఉంది. సంచి భుజాన ఉంది. బూట్లు కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసుకుంది. ఏడవడం లేదు. ఇస్త్రీ ఆవిడ ఒక చేత్తో దాని సంచి పట్టీ పట్టుకుని రెండో చేత్తో ఇస్త్రీ చేస్తోంది.

"మీ పిల్లేనా? ఒక్కతే పోతుంటే పట్టుకున్నా" అంది ఆవిడ. "ఎక్కడికే అంటే, అమ్మకు వెళ్ళిరా చెప్పలేదు, చెప్పి వస్తా అంటుంది. ఎంత గట్టి పిల్లో! నన్నే వదలమని దబాయిస్తోంది."

పిచ్చుక నన్ను చూసి, "అమ్మ చెప్పకుండా పోయింది. నేనూ చెప్పలేదు" అంది. తప్పు ఇద్దరిదీ అన్నట్టు.

దాన్ని ఎత్తుకుని వచ్చాను. పెద్దరోడ్డు దాకా పోయి తిరిగి వచ్చిన ఓనరుగారు దారిలో కలిసి నా పక్కన నడిచారు. గేటు దగ్గర ఆగి గడియ పట్టుకుని అటూ ఇటూ జరిపి చూశారు. అది బాగానే పనిచేస్తోంది.

"ఇది ఎందుకు పడలేదు?"

మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. "ఎవరో తొందరలో మర్చి..." అని మొదలుపెట్టింది.

"మర్చిపోలేదు" అన్నాను నేను. "మీకు వినపడుతుందని మేమే వేయవద్దన్నాం. ఇవాళ మీరు చూసింది రోజూ జరిగేది కాదు అన్నయ్యగారూ. రోజూ పిల్లలు ఏడుస్తారు. వాళ్ళ అమ్మానాన్నలు చెప్పి వెళతారు, వీళ్ళు వెళ్ళిరా అని ఈ గడియ వేస్తారు. ఇవాళ చప్పుడు కాకూడదని దొంగచాటుగా పంపించాం. ఇది వెయ్యాలని నాకూ తోచలేదు, మా అమ్మాయికీ తోచలేదు. రోజూ వేసేది పిల్లలు కనుక."

"పిల్లలా?"

"పిల్లలే. ఆరుగురూ తలా ఒకసారి."

ఆయన చెయ్యి ఇంకా గడియ మీదే ఉంది. దాన్ని వేసి, లోపలికి వచ్చి అట్టా కాగితాలూ తీసుకుని పైకి వెళ్ళిపోయారు. సంతకం కావలసిన చోట చుక్కల గీత అలాగే ఉంది.

మా అమ్మాయి తొట్టిలో నీళ్ళు పారబోసి, నేల తుడిచి, "అయిపోయింది" అంది. మధ్యాహ్నం పిల్లలకు భోజనాలు పెడుతున్నప్పుడు మెల్లగా, "పిచ్చుక వాళ్ళమ్మకు చెప్పకమ్మా. పిల్లకేమీ కాలేదు. చెబితే రేపటినుంచి పంపదు. ఇంకో నలుగురికి చెబుతుంది" అంది.

"చెప్పకుండా పంపడం ఇవాళ ఒకసారి చేశాంగా" అన్నాను. దానికి కోపం వచ్చి గిన్నె కొంచెం గట్టిగా పెట్టింది. నేనూ ఆ మాట కొంచెం సూటిగానే అన్నాను. అది ఒప్పుకోవాలి.

సాయంత్రం ఐదున్నరకు పిచ్చుక వాళ్ళమ్మ వచ్చింది. అప్పుడే ఓనరుగారు చేతిలో మడిచిన కాగితంతో మెట్లు దిగుతున్నారు. ఆయన వింటారని తెలుసు. ఐనా చెప్పడం ఆపలేదు. గేటు తెరిచి ఉన్న సంగతి, ఇస్త్రీ దుకాణం సంగతి, బూట్లు తారుమారుగా ఉన్న సంగతి, అన్నీ చెప్పాను.

ఆమె పిల్ల బూట్ల వైపు చూసింది. "ఎంతసేపు?" అంది.

"పది నిమిషాలు ఉంటుంది. మా అమ్మాయి ఏడు అంటుంది. పది అనుకోండి."

"చెప్పకుండా వెళ్ళమని మీరే అన్నారు."

"మేమే అన్నాం. తప్పు మాది."

ఆమె పిల్లను ఎత్తుకుంది, సంచి తీసుకుంది. మేకు మీద ఉన్న పాత స్వెట్టరు కూడా తీసి సంచిలో కుక్కుకుంది. అది చూసి నాకు అర్థమైంది. పిచ్చుక మాత్రం తల్లి భుజం మీదుగా, "వెళ్ళొస్తా అమ్మమ్మా" అంది. "వెళ్ళిరా తల్లీ" అన్నాను. నా జీవితంలో ఎందరినో పంపాను. అది అలవాటు కాలేదు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా ఓనరుగారు చివరి మెట్టు మీదే నిలబడి ఉన్నారు.

"ఆవిడకు చెప్పవలసిన అవసరం లేదు కదా" అన్నారు. "పిల్ల క్షేమంగానే ఉందిగా?"

"ఉంది."

"మరి?"

"రేపటినుంచి ఆ పిల్ల తల్లి కొంగు వదలదు. ఎందుకు వదలడం లేదో తల్లికి తెలియాలి కదండీ."

ఆయన చేతిలో కాగితాన్ని ఇంకొక మడత పెట్టారు. "లిఫ్టు మధ్యలో ఆగుతుంది. రెండు నిమిషాలకు దానంతట అదే కదులుతుంది. లోపలివాళ్ళు దిగి వెళ్ళిపోతారు. కాపలావాడు రిజిస్టరులో రాయడు. రాస్తే మాట పడాలి కదా. నేను వెళ్ళినచోట రిజిస్టరు తెల్లగా ఉంటే నాకు చెమట పట్టేది. ఫలానా రోజు ఆగింది అని రాసి ఉంటే, హమ్మయ్య, ఇక్కడ మనుషులున్నారు అనుకునేవాణ్ణి."

ఆ మాటలు సంతకం వైపు పోతున్నాయో, ఇంకో ఇల్లు వైపు పోతున్నాయో నాకు తెలియలేదు. "ఆ కాగితం మాకేనా అన్నయ్యగారూ?" అని అడిగాను.

"తెచ్చింది మీకే" అన్నారు. జేబులో పెట్టేసుకున్నారు. "రేపు ఎనిమిదింటికి మళ్ళీ వస్తాను. నాటకాలు వద్దు. రోజూ చేసేదే చేయండి."

బుధవారం ఆయన గేటు పక్కనే కుర్చీ వేయించుకున్నారు. చేతికి గడియారం. ముందుగా కవలలు వచ్చారు. వాళ్ళ నాన్న యూనిఫారంలో గొంతుక్కూర్చుని, "వెళ్ళొస్తాను" అనగానే ఇద్దరూ ఒకే శ్రుతిలో ఎత్తుకున్నారు. వాళ్ళను చూసి గుమ్మడి. గుమ్మడిని చూసి చంటిది. 'ఎందుకు' ఏడవలేదు కానీ వాళ్ళ నాన్నను నిలబెట్టి, "నిన్న ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. అతను టేపు మెడలో వేసుకుని నీళ్ళు నమిలాడు. చివరికి "తప్పయింది" అన్నాక గానీ "వెళ్ళిరా" అనలేదు ఆ పిల్ల. గడియ ఐదుసార్లు పడింది. పడిన ప్రతిసారీ ఓనరుగారు గేటును ఒకసారి లాగి చూశారు.

ఏడుపులు ఒక్కొక్కటే ఆగాయి. గుమ్మడి చివరివాడు. వాడు వెక్కిళ్ళు పెడుతూ వెళ్ళి ఓనరుగారి మోకాలికి ఆనుకుని నిలబడ్డాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాలిలో ఉంచి, తరువాత వాడి తల మీద పెట్టారు.

"నాలుగు నిమిషాల పది సెకండ్లు" అన్నారు. "పైనుంచి వింటే గంట అనిపిస్తుంది."

"వార్తలు ఎనిమిదింబావుకు వినండి బాబాయిగారూ" అంది మా అమ్మాయి.

"వార్తలు నాకోసం ఆగుతాయా?" అని, "ఆరో పిల్ల ఏదీ?" అన్నారు.

"రాలేదు."

ఆయన లోపలికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. సొంత చేతివ్రాతతో ఇంకో కాగితం తెచ్చారు. మెట్లకు మూడడుగుల ఎత్తు చెక్క, టేపుతో కొలిచి. గేటుకు పెద్దవాళ్ళ చేతికి మాత్రమే అందేంత ఎత్తులో రెండో గడియ. ఎనిమిదింటికీ, ఐదున్నరకూ గేటు చూసి ఒక పుస్తకంలో ఒకరు సంతకం పెట్టాలి. "మీ ఇద్దరిలో ఎవరైనా సరే. మీరైనా సరే అక్కగారూ. సంతకం వచ్చుగా?"

"వచ్చండి. కొంచెం ఆలస్యంగా వస్తుంది."

"ఆలస్యమైనా ఫరవాలేదు."

అప్పుడు సమ్మతి పత్రం తీశారు. అందులో పిల్లల సంఖ్య దగ్గర ఆరు అని రాసి ఉంది. మా అమ్మాయి కొంచెం వెనకాడి, "ఐదని దిద్దమంటారా?" అంది. ఆయన పెన్ను దాని మీద ఒక క్షణం ఆగింది.

"దిద్దితే మళ్ళీ పక్కన చిన్న సంతకం పెట్టాలి" అన్నారు. "ఆరు ఉండనివ్వండి."

కింద సంతకం పెట్టారు. పొడవైన సంతకం, మూడు చోట్ల మెలికలు. పెట్టాక ఊది, సిరా ఆరిందా అని వేలితో చూసి, మా అమ్మాయి చేతికి ఇచ్చారు. అది ఆ పూటే ఆఫీసుకు పట్టుకెళ్ళింది. అది వచ్చేదాకా నేను ఐదుగురినీ లెక్కపెడుతూ కూర్చున్నాను. ఐదుగురూ ఉన్నారు. ఐనా ఆరు దాకా పోయి ఆగేదాన్ని.

పిచ్చుక గురువారం రాలేదు. శుక్రవారం రాలేదు. తప్పు మాదైనప్పుడు మళ్ళీ ఫోను చేసి రమ్మనే మొహం మాకు లేదు. తరువాతి సోమవారం మధ్యాహ్నం వాళ్ళమ్మే చేసింది. మా అమ్మాయి ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

"అమ్మమ్మగారూ, రేపు నాకు సెలవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ ఇంట్లో కూర్చుని చూస్తాను. అన్నీ చూస్తాను. అప్పుడు ఆలోచించుకుంటాను. మీకు అభ్యంతరమా?"

"రండి. భోజనం కూడా ఇక్కడే" అన్నాను. "కాకపోతే మా పిల్లల మధ్యాహ్నం నిద్ర టైములో మాట్లాడకూడదు మరి."

"మాట్లాడను" అంది. కొంచెం నవ్వినట్టే వినపడింది, కానీ ఫోనులో అన్నీ సరిగా తెలియవు.